పసుపులో కలగలుపును విడదీసే కాంతి లెక్క: వర్తకులకు కొత్త తూకం

జక్రాన్‌పల్లి: పసుపు ధరను నిర్ణయించేది తూకం ఒక్కటే కాదు. కొమ్ములో మండ ఎంత కలిసింది, కొత్త పంటలో పాత నిల్వ ఎంత పడింది, పొడిలో పిండి వున్నదా, పైరంగు వున్నదా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుపైనే లాటు ధర నిలుస్తుంది. ఈ జవాబు దొరకకనే ఒకే రోజున, ఒకే యార్డులో, చూపునకు ఒకే తీరుగా వున్న రెండు లాట్లు రెండు ధరలు పలుకుతుంటాయి. ఇట్టి కలగలుపును కాంతి సాయంతో విడదీసి, ఏది ఎన్ని పాళ్లు వున్నదో లెక్కగట్టి చెప్పే పద్ధతి ఒకటి ఉపగ్రహ పరిశోధనలో పుట్టి, ఇప్పుడు ఆహార దినుసుల పరీక్ష వైపు అడుగులు వేస్తున్నది. దీని మంచిచెడ్డలను పసుపు వర్తకులు ముందుగానే తెలుసుకొని వుండటం అవసరం.

జక్రాన్‌పల్లి, మునిపల్లి, మనోహరాబాద్, కలిగోట్, పడకల్ గ్రామాల సరుకు ప్రధానంగా చేరేది నిజామాబాద్ యార్డుకే. జనవరి నెలాఖరు నుంచి రాబడులు పుంజుకొని వేసవి దాకా సాగుతాయి. 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ పథకం, ఈ-నామ్‌లో తొలి విడతలోనే చేరిన యార్డులలో నిజామాబాద్ ఒకటి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమై, నిజామాబాద్ కేంద్రంగా ఏర్పాటయింది. నాణ్యతకు తగిన ధర, ఎగుమతుల పెంపుదల అన్న మాటలు అప్పటి నుంచి తరచు వినవస్తున్నవి. 2030 నాటికి 100 కోట్ల డాలర్ల ఎగుమతులు సాధించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. 2022-23లో దేశం నుంచి 1.53 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు ఎగుమతి కాగా వాటి విలువ 20.7 కోట్ల డాలర్లు మాత్రమే. ఈ దూరాన్ని బరువు పెంచి దాటడం కష్టం. సరుకుపై కొనుగోలుదారుకు నమ్మకం పెరిగి, ఆ నమ్మకానికి ధర రావాలి.

అనుమానం ఖరీదు

కలగలుపు విషయంలో నష్టం ఎక్కడ వస్తుందో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. కొమ్ముకు, మండకు నడుమ క్వింటాలుకు వెయ్యి రూపాయల తేడా వున్నదనుకుందాం. 100 క్వింటాళ్ల కొమ్ము లాటులో పదో వంతు మండ కలిసి వుంటే, నిజంగా తగ్గవలసిన విలువ 10 క్వింటాళ్లపై పదివేల రూపాయలు. కాని ఖరీదుదారుకు ఆ పదో వంతు ఎంతో తెలియదు. బస్తాలో చేయి పెట్టి తీసిన గుప్పెడు శాంపిల్‌లో ఎక్కువ మండ తగిలితే మొత్తం లాటుపై క్వింటాలుకు మూడువందలు తగ్గించి పాట పాడతాడు. అమ్మకందారుకు ముప్ఫైవేలు తగ్గుతుంది. అందులో పదివేలు మండ ఖరీదు, మిగిలిన ఇరవైవేలు అనుమానం ఖరీదు. శాంపిల్‌లో మండ తగలకపోతే ఆ పదివేల నష్టం ఖరీదుదారు నెత్తిన పడుతుంది. ఎటు చూసినా ఒకరు నష్టపోవలసిందే. లాటు మొత్తాన్ని చూసి పాళ్లు చెప్పగల సాధనం వుంటే పోయేది ఈ అనుమానం ఖరీదే.

పొడి వ్యాపారంలో ఈ అనుమానం మరింత పెద్దది. కొమ్మును విరిచి లోపలి రంగు చూడవచ్చు, పలుకు వినవచ్చు. పొడి అయిన తర్వాత విరవడానికి ఏమీ మిగలదు. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం పసుపు పొడిలో కర్కుమినాయిడ్లు 2 శాతానికి తగ్గరాదు, మొత్తం పిండి పదార్థం 60 శాతం మించరాదు, లెడ్ క్రోమేట్ ఏమాత్రం కనిపించరాదు. ఇవి తేల్చడానికి లేబరేటరీకి పంపాలి. కర్కుమిన్ శాతానికి ప్రామాణిక పద్ధతిలో పొడిని ఆల్కహాలులో మరిగించి, ఆ ద్రవం 425 నానోమీటర్ల వద్ద ఎంత కాంతిని పీల్చుకుంటున్నదో కొలుస్తారు. ఇది గంటల పని. పాట ముగిసేది నిమిషాలలో.

కంటికి మూడు, కెమెరాకు మూడువందలు

మనిషి కన్ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్న మూడు రంగుల కలయికతోనే లోకాన్ని చూస్తుంది. మామూలు కెమెరా కూడా అంతే. అందువల్లనే పసుపు రంగులో వున్న రెండు వేర్వేరు పదార్థాలు కంటికి ఒక్కటిగా కనిపిస్తాయి. కల్తీదారుడి పెట్టుబడి ఈ బలహీనతే.

హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా అన్నది ఈ మూడు రంగులకు బదులు కాంతిని వందలాది సన్నని పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయలో వస్తువు నుంచి ఎంత కాంతి తిరిగి వచ్చిందో విడివిడిగా నమోదు చేస్తుంది. కంటికి కనిపించే 400 నుంచి 700 నానోమీటర్ల పరిధి దాటి, పరారుణ కాంతిలో 2,500 నానోమీటర్ల దాకా చూసే కెమెరాలు కూడా వున్నాయి. చిత్రంలోని ప్రతి చుక్కకు ఒక రంగు బదులు ఒక పొడవాటి పట్టిక వస్తుంది. నీరు 1,450, 1,940 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది. పిండి పదార్థం గుర్తు 2,100 ప్రాంతంలో పడుతుంది. కర్కుమిన్ నీలి కాంతిని మింగుతుంది. ఈ విధంగా ప్రతి పదార్థానికి ఒక ముద్ర వుంటుంది. వర్తకుల భాషలో చెప్పాలంటే ఇది సరుకు మార్కా వంటిది. కాకపోతే బస్తా మీద కాక సరుకులోనే అచ్చయి వుంటుంది.

ఈ విద్య గనుల కోసం పుట్టింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ తయారుచేసిన ఎవిరిస్ పరికరం 1987లో విమానంపై తొలిసారి ఎగిరింది. 224 కాంతి పాయలతో నేలను చూసే ఈ పరికరం నెవాడా రాష్ట్రంలోని క్యూప్రైట్ కొండలలో ఏ ఖనిజం ఎక్కడ వున్నదో పటం గీసింది. నేటికీ కొత్త లెక్కల పద్ధతి ఏది వచ్చినా క్యూప్రైట్ చిత్రంపైన పరీక్షించి చూడటం పరిశోధకుల ఆనవాయితీ. దీని తర్వాతి తరం పరికరంతో 2015-16లో ఇస్రో, నాసా కలిసి మన దేశంలో 57 చోట్ల విమాన పరిశీలనలు జరిపాయి. 2018 నవంబర్ 29న ఇస్రో సొంతంగా హైసిస్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది.

పక్కపక్కన వుంటే ఒక లెక్క, నూరి కలిపితే మరొకటి

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కెమెరాలోని ఒక చుక్కలో ఒకే పదార్థం వుండదు. ఆ చుక్కకు వచ్చే పట్టిక అందులోని అన్ని పదార్థాల ముద్రలు కలిసిపోయిన మొత్తం. దానిని తిరిగి విడదీసి, ఏయే పదార్థాలు, ఎన్నెన్ని పాళ్లు అని తేల్చడమే అసలు పని. ఈ లెక్కకు రెండు కట్టుబాట్లు వున్నవి. ఏ పాలూ సున్నకు తగ్గరాదు, అన్ని పాళ్లూ కలిపితే నూరు కావాలి. చిట్టా రాసే గుమాస్తాకు ఈ రెండూ విడమరచి చెప్పనక్కరలేదు.

పదార్థాలు పక్కపక్కన విడివిడిగా వుంటే లెక్క సులువు. నీలి కాంతిలో స్వచ్ఛమైన పసుపు నూటికి 10 పాళ్లు, తెల్లని పిండి 80 పాళ్లు తిరిగి పంపుతాయని ఉదాహరణకు అనుకుందాం. ఒక చుక్కలో మూడు వంతుల జాగా పసుపు, ఒక వంతు జాగా పిండి పక్కపక్కన వుంటే, పసుపు నుంచి 7.5, పిండి నుంచి 20, మొత్తం 27.5 వస్తుంది. 27.5 చూసి వెనక్కు లెక్కగడితే పిండి 25 శాతమని సరిగ్గా తేలుతుంది. కన్వేయరు పట్టాపై పరచిన కొమ్ము, మండ, రాయి, పుల్ల వంటి సరుకుకు ఈ సాదా లెక్క చాలావరకు చాలుతుంది.

అదే పిండిని పసుపుతో కలిపి నూరితే లెక్క తారుమారవుతుంది. పొడిలో దూరిన కాంతి కిరణం ఒక రేణువును తాకి బయటికి రాదు. ఒక దాని నుంచి మరొక దానికి పదే పదే తగిలి, ఆ ప్రయాణంలో ఎక్కడో ఒకచోట పసుపు రేణువుకు చిక్కి మింగుడు పడిపోతుంది. నీలి కాంతిని బాగా మింగే పసుపు, తన బరువును మించి కనిపిస్తుంది. పిండి దాగిపోతుంది. పై ఉదాహరణలో 27.5కు బదులు 15 మాత్రమే తిరిగి వచ్చిందనుకుంటే, సాదా లెక్క చెప్పే పిండి శాతం 7 మాత్రమే. అంటే నూరు కిలోలలో 25 కిలోల పిండి వున్న సరుకు 7 కిలోల కల్తీగా పాసవుతుంది. యంత్రం అబద్ధం చెప్పలేదు, లెక్క వేసిన పద్ధతి సరుకుకు తగినది కాదు. నూరిన పొడులలో కాంతి నడకకు అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ హాప్కే 1981లో సమీకరణాలు ఇచ్చాడు. చంద్రుని మీది, గ్రహాల మీది మట్టిని అర్థం చేసుకోవడానికి వచ్చిన ఆ సిద్ధాంతమే పసుపు మరకూ వర్తిస్తుంది. అయితే అందులో రేణువు పరిమాణం వంటి వివరాలు ముందే తెలిసి వుండాలి. మర మారితే, జల్లెడ మారితే అవి మారిపోతాయి.

న్యూరల్ నెట్‌వర్క్ చేసే పని

ఇక్కడే న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ పద్ధతి అక్కరకు వస్తున్నది. సూత్రం ఇచ్చి లెక్క వేయించడానికి బదులు, ఉదాహరణలు చూపి నేర్పించడం దీని స్వభావం. కొత్తగా కొట్టులో చేరిన కుర్రవాడికి నాణ్యత సూత్రాలు ఎవరూ చెప్పరు. వేల బస్తాలు చూపించి, తప్పు చెప్పినప్పుడల్లా సరిదిద్దుతారు. నెట్‌వర్క్‌కు జరిగేదీ అదే. దాని లోపల వేలాది చిన్న చిన్న గుణకాలు వుంటాయి. జవాబు తప్పినప్పుడల్లా, తప్పు తగ్గే దిశగా ఆ గుణకాలు కొద్దికొద్దిగా సవరించబడతాయి.

కలగలుపు విడదీయడానికి పరిశోధకులు ఎక్కువగా వాడుతున్నది ఆటోఎన్‌కోడర్ అనే రకం. ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన పద్ధతి ఈ తరహాలో పేరొందింది. దీనిలో రెండు భాగాలు. మొదటి భాగం ఒక చుక్కకు చెందిన వందలాది అంకెల పట్టికను తీసుకొని, దానిని మూడో నాలుగో అంకెలకు కుదిస్తుంది. రెండవ భాగం ఆ మూడు నాలుగు అంకెల నుంచే మొత్తం పట్టికను తిరిగి తయారుచేయడానికి ప్రయత్నిస్తుంది. తిరిగి తయారైనది అసలుతో సరిపోయేదాకా సవరణలు సాగుతాయి. ఆ మూడు నాలుగు అంకెలు సున్నకు తగ్గకుండా, కలిపితే నూరు అయ్యేలా కట్టడి చేస్తే అవే పాళ్లు. రెండవ భాగంలో మిగిలిన గుణకాలే స్వచ్ఛమైన పదార్థాల ముద్రలు. రోజువారీ చిట్టాను నాలుగు పద్దుల కింద కుదించి, ఆ నాలుగు పద్దుల నుంచే చిట్టాను తిరిగి రాయగలిగితే పద్దులు సరిగ్గా పడ్డట్టే కదా. ఇదీ అదే తర్కం.

దీనిలో ఆకర్షణ ఏమంటే, ఏ చుక్కలో ఏమున్నదో ముందుగా ఎవరూ చెప్పనక్కరలేదు. యంత్రమే చిత్రంలోంచి పాళ్లు తేలుస్తుంది. అయితే వర్తకులు గుర్తించవలసిన పరిమితులు కూడా ఇక్కడే వున్నవి. మొత్తం ఎన్ని పదార్థాలు వున్నవో సాధారణంగా మనిషే చెప్పాలి. నాలుగు వున్నచోట మూడు అని చెబితే నాలుగోది మిగతా మూడింటిలో కలిసిపోతుంది. రెండవది, యంత్రం "మూడో పదార్థం 8 శాతం" అంటుందిగాని దాని పేరు చెప్పదు. పేరు పెట్టడానికి తెలిసిన ముద్రల భాండాగారం వుండాలి. మూడవది, నూరిన పొడి విషయంలో కట్టడి లేని నేర్పు ఒక్కటే సరిపోదు. పిండి 5, 10, 15, 20 శాతం చొప్పున తూచి కలిపిన నమూనాలు చూపి, వంకర లెక్కను యంత్రానికి నేర్పాలి. ఆ నమూనాలు తయారుచేసే త్రాసు, చేయి ఎంత నిక్కచ్చి అయితే యంత్రం అంత నిక్కచ్చి.

పసుపులోనే వున్న చిక్కులు

పసుపు సరుకు ఈ యంత్రానికి కొన్ని ప్రత్యేక పరీక్షలు పెడుతుంది. మొదటిది, పసుపులో సహజంగానే పిండి పదార్థం మెండు. ప్రమాణాలలో 60 శాతం దాకా అనుమతి వుండటానికి కారణం అదే. సహజమైన పిండికి, బయటి నుంచి కలిపిన పిండికి ముద్రలు దగ్గరగా వుంటాయి. రాయిని, ఖనిజాన్ని వేరు చేసినంత సులువుగా వీటిని వేరు చేయడం సాధ్యం కాదు.

రెండవది, ఈ కాంతి లోపలికి పోయే లోతు స్వల్పం. కెమెరా చూసేది కొమ్ము పైపొరనే. కర్కుమిన్ వుండేది కొమ్ము లోపల. పాలిష్ డ్రమ్ములో తొక్క రాలిన కొమ్ముకు, రాలని కొమ్ముకు లోపలి నాణ్యత ఒకటే అయినా ముద్ర వేరుగా పడుతుంది. కొమ్మును విరిచి చూసే పాత అలవాటును యంత్రం కొట్టివేయదు సరిగదా, విరిచిన ముక్కనో, నూరిన పొడినో చూపితేగాని సరైన జవాబు ఇవ్వదు.

మూడవది తేమ. ఎండు సరుకు, చెమ్మ పట్టిన సరుకు వేర్వేరుగా కనిపిస్తాయి. నీటి ముద్ర బలమైనది, సన్నని ముద్రలను కప్పివేస్తుంది. బాగా ఎండిన శాంపిళ్లు మాత్రమే చూపి నేర్పిన యంత్రం, పచ్చిగా దిగిన లాటును కల్తీ అనవచ్చు.

నాలుగవది రకం. ఇటు ఎర్రగుంటూరు వంటి పాత రకాలతోపాటు ప్రతిభ, 180 రోజులలో చేతికి వచ్చే ప్రగతి వంటి రకాలు కూడా సాగులో వున్నవి. రకాన్ని బట్టి కర్కుమిన్ శాతం మారుతుంది. సాంగ్లీ, ఈరోడ్ సరుకు చూపి నేర్పిన యంత్రాన్ని తెచ్చి నిజామాబాద్ యార్డులో పెడితే, కల్తీ లేని ఆర్మూర్ ప్రాంతపు సరుకులోనే ఏదో తెలియని పదార్థం వున్నట్లు చూపే ప్రమాదం వున్నది.

రంగు కల్తీ విషయంలో

మెటానిల్ యెల్లో, లెడ్ క్రోమేట్ అన్న రెండు పేర్లు పసుపు ఎగుమతిదార్లకు నిద్ర పట్టనివ్వనివి. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ పరిశోధకులు 2016లో మెటానిల్ యెల్లో కలిపిన పసుపు పొడిని కాంతి పరీక్షలకు పెట్టారు. రామన్ పద్ధతిలో 1 శాతం దాకా, పరారుణ పద్ధతిలో 5 శాతం దాకా కల్తీని పట్టగలిగినట్లు వారు తెలిపారు. మర దగ్గర ఇది పనికివచ్చే ఫలితమే.

లెడ్ క్రోమేట్ కథ వేరు. బంగ్లాదేశ్‌లో వరదలకు తడిసి రంగు మాసిన పసుపును మెరిపించడానికి పాలిష్ పట్టేచోట ఈ పసుపుపచ్చ రంగును వాడటం 1980 దశకంలో మొదలైనట్లు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ పరిశోధకులు 2019లో వెల్లడించారు. సీసం పిల్లల మెదడుకు చేటు. అదే సంవత్సరం ఢాకాలోని శ్యామ్‌బజార్ టోకు మార్కెట్‌పై అధికారులు దాడి చేసి జరిమానాలు విధించారు. 2019లో మార్కెట్ శాంపిళ్లలో 47 శాతం సీసంతో కూడినవి కాగా, 2021 నాటికి అది సున్నకు వచ్చింది. అక్కడ వాడిన సాధనం హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా కాదు, చేతిలో పట్టుకునే ఎక్స్-రే పరికరం. ఇది గమనార్హం. పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్ల సీసాన్ని కాంతి కెమెరా పట్టలేదు. పైపూత దట్టంగా వున్న కొమ్ములను వేరు చేసి చూపగలదు, అంతవరకే. సీసం లేదని సర్టిఫికెట్ కావలసినవారు ఎక్స్-రే పరికరాన్నో, లేబరేటరీనో ఆశ్రయించవలసిందే.

ఆకాశం నుంచి విస్తీర్ణం లెక్క

ఈ విద్య పసుపు వ్యాపారాన్ని తాకే మరో దారి వున్నది. అది యార్డులో కాదు, పొలంలో. పసుపు ధరను నడిపేది విస్తీర్ణంపై అంచనా. 2010లో క్వింటాలు 15 వేల రూపాయలు దాటిన ధర, విస్తీర్ణం పెరిగి పంట విరగపండగా 2012 తొలి నెలలకు నాలుగైదు వేల స్థాయికి దిగజారిన సంగతి పాత వర్తకులు మరువలేదు. నిజామాబాద్ కేంద్రంగా ఎన్‌సీడీఈఎక్స్‌లో సాగే వాయిదా వ్యాపారంలో విస్తీర్ణం మాట ఒక్కటి చాలు, తేజీ మందీ మారడానికి.

ఉపగ్రహం నుంచి పసుపు విస్తీర్ణం లెక్కగట్టడంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు, మక్క. ఇక్కడ పసుపులో మక్కజొన్న అంతరపంటగా వేయడం ఆనవాయితీ. హైసిస్ ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క 30 మీటర్ల చదరం, అంటే సుమారు 9 గుంటలు. ఆ ఒక్క చుక్కలో పసుపు ఆకు, మక్క ఆకు, సాళ్ల మధ్య నేల, గట్టు మీది గడ్డి అన్నీ వుంటాయి. మామూలు ఉపగ్రహ లెక్క ఆ చుక్కను మక్క కింద రాస్తే పసుపు విస్తీర్ణం తగ్గినట్లు కనిపిస్తుంది. పసుపు కింద రాస్తే పెరిగినట్లు కనిపిస్తుంది. ఇది పసుపు ఇన్ని పాళ్లు, మక్క ఇన్ని పాళ్లు అని చుక్కను విడదీయగలిగితే అంచనా నిజానికి దగ్గరవుతుంది. ఆకులు ఒకదానిపై ఒకటి వుండి, పై ఆకు దాటిన కాంతి కింది ఆకును తాకుతుంది కనుక ఇక్కడ కూడా సాదా లెక్క చాలదు, నెట్‌వర్క్ అవసరం పడుతుంది.

బెంగుళూరుకు చెందిన పిక్సెల్ అనే ప్రైవేటు సంస్థ 2025 జనవరిలో ప్రయోగించిన తొలి మూడు ఫైర్‌ఫ్లై ఉపగ్రహాల చిత్రంలో చుక్క 5 మీటర్ల చదరం. అంటే పావు గుంట మాత్రమే. చుక్క చిన్నదయ్యే కొద్దీ కలగలుపు తగ్గుతుంది. కాని వానాకాలపు మబ్బు ఏ కాంతి కెమెరాకూ దారి ఇవ్వదు. జూన్‌లో నాటిన పసుపును మక్క కోత తర్వాత, మబ్బులు విడిచిన నెలలలో చూసినప్పుడే లెక్క నమ్మదగినది. కాబట్టి ఆగస్టులోనే ఉపగ్రహం విస్తీర్ణం చెప్పిందన్న వార్త బజారులో వినవస్తే, దానిపై వాయిదా సౌదాలు చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవడం మంచిది.

ఖర్చు ఎవరిది, నమూనా ఎవరిది

వెయ్యి నానోమీటర్ల లోపు చూసే కెమెరాల ధర కొంత తక్కువ. తేమ, పిండి ముద్రలు పడే పై పరిధిని చూసేవి అంతకు చాలా ఎక్కువ. లక్షల రూపాయల ఈ పరికరాన్ని ఒక కొట్టు భరించడం కష్టం. యార్డులోనో, గిడ్డంగిలోనో ఉమ్మడిగా పెట్టి, లాటుకు ఇంత అని రుసుము వసూలు చేసే పద్ధతి అయితేనే గిట్టుబాటు అవుతుంది. రాష్ట్రంలో దీనికి దగ్గరి అనుభవం లేకపోలేదు. ఖమ్మం జిల్లాలో 2022లో "సాగు బాగు" పథకం కింద సుమారు 7,000 మంది మిర్చి రైతులకు కంప్యూటర్ సాయంతో సలహాలు, నాణ్యత పరీక్ష వంటి సేవలు అందించారు.

అయితే పరికరం ఖర్చు కన్నా పెద్ద ప్రశ్న నమూనాలది. యంత్రం దేనిని మంచి సరుకు అనాలో, దేనిని కలగలుపు అనాలో నిర్ణయించేది దానికి చూపిన నమూనాలు. ఆ నమూనాల భాండాగారం ఎవరి చేతిలో వుంటే గ్రేడు వారి చేతిలో వున్నట్లే. పెద్ద కొనుగోలు సంస్థలు తమ నమూనాలతో యంత్రాన్ని తయారుచేసుకొని యార్డుకు తెస్తే, అమ్మేవారికి వాదించే ఆధారం వుండదు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం వున్నది. నిజామాబాద్‌లో పసుపు బోర్డు వున్నది. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వున్నది. ఈ ప్రాంతపు రకాలు, ఉడకబెట్టిన తీరు, తేమ స్థాయిలు అన్నీ కలిపి లేబరేటరీ పరీక్షతో సరిచూసిన నమూనాలను ఉమ్మడిగా సిద్ధం చేసే అవకాశం ఈ మూడింటికీ వున్నది. అటువంటి భాండాగారం రైతుకు, అడ్తిదారుకు, ఖరీదుదారుకు సమానంగా అందుబాటులో వుండాలి.

యంత్రం అమ్మేవారు ముందుకు వచ్చినప్పుడు వర్తక సంఘాలు అడగవలసిన ప్రశ్నలు కొన్ని వున్నవి. ఏ ప్రాంతపు సరుకుతో దీనికి నేర్పారు? పచ్చి సరుకును, పాత సరుకును చూపారా? కొమ్ముకు చెప్పే జవాబు, పొడికి చెప్పే జవాబు వేర్వేరు లెక్కలతో వస్తున్నవా? తాను ఎన్నడూ చూడని పదార్థం ఎదురైతే "తెలియదు" అని చెబుతుందా, లేక తెలిసినవాటిలోనే ఇరికించి నూరు చేస్తుందా? పాళ్లు కలిపితే నూరు కావాలన్న కట్టుబాటు వల్ల, తెలియనిదానిని తెలిసినదాని కింద రాసే అలవాటు ఈ పద్ధతికి పుట్టుకతో వున్నది. తిరిగి తయారుచేసిన పట్టికకు, అసలు పట్టికకు ఎంత తేడా మిగిలిందో కూడా ప్రతి లాటుకు చూపమని పట్టుబట్టాలి. ఆ తేడా పెద్దదైతే పాళ్లు ఎంత చక్కగా కనిపించినా నమ్మరాదు.

వివాదం వస్తే తీర్పు ఎవరిదన్నది కూడా ముందే రాసుకోవాలి. యంత్రం చెప్పిన శాతంపై ఇరుపక్షాలలో ఒకరికి అభ్యంతరం వుంటే, సీలు వేసిన శాంపిల్‌ను లేబరేటరీకి పంపి, ఓడిన పక్షం ఖర్చు భరించే పద్ధతి పెట్టుకోవచ్చు. యంత్రం మాట, లేబరేటరీ మాట ఎన్నిసార్లు కలిసింది, ఎన్నిసార్లు కలవలేదు అన్న రికార్డును సీజను పొడుగునా యార్డు బోర్డుపై రాస్తే, రెండు మూడు సీజన్లలో దాని విలువ ఎంతో బజారే తేల్చుకుంటుంది.

మొత్తంమీద ఈ కాంతి లెక్క పరచిన సరుకులో కలగలుపును చూపడానికి, పొడిలో అనుమానం వున్న లాటును ముందుగా ఏరి పక్కన పెట్టడానికి, పొలంలో పసుపును మక్కను వేరు చేసి విస్తీర్ణం అంచనా వేయడానికి పనికివచ్చే సాధనం. సీసం లేదని హామీ ఇవ్వడానికి, విరవని కొమ్ము లోపలి కర్కుమిన్ చెప్పడానికి పనికిరాదు. నిజాయితీగా సరుకు తెచ్చేవారికి దీనివల్ల భయం లేదు. సగటు ధరలో దాక్కొని బతికే కలగలుపు వ్యాపారానికే ఇబ్బంది. స్థానిక నమూనాలు సిద్ధం కాకముందే బయటి యంత్రం గ్రేడును శాసించే రోజు వస్తే మాత్రం, ఇరుపక్షాలూ నష్టపోవలసి వస్తుంది. కావున రానున్న సీజనుకు ముందే యార్డు వర్గాలు ఈ విషయంపై దృష్టి సారించడం శ్రేయస్కరం.